చెబితే వచ్చెయ్యమంటావని చెప్పలేదు

"నీకు చెబితే వెంటనే వచ్చెయ్యమంటావని చెప్పలేదమ్మా."

మా పెద్దమ్మాయి ఈ మాట అన్నది మా గిద్దలూరు ఇంట్లో, వంటింటి గడప మీద కూర్చుని. నేను పొడి కొట్టడానికి శెనక్కాయలు వేయిస్తున్నాను. తను హైదరాబాదులో ఒక సెమిస్టర్ గడిపి తిరిగొచ్చి నాలుగు రోజులయింది. ఏవో కబుర్లు చెబుతూ చెబుతూ, రెండో నెలలో నాలుగు రోజులు జ్వరంతో మంచం దిగలేదని, హాస్టల్ మారేటప్పుడు ఓనరుతో అడ్వాన్సు కోసం గొడవ పడాల్సి వచ్చిందని మామూలుగా చెప్పేసింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ ఆరు నెలలూ రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాను. "తిన్నావా?" అంటే "తిన్నా" అనేది. జ్వరం ఉన్న నాలుగు రోజులూ అదే "తిన్నా". నేను నిమ్మళంగా ఫోన్ పెట్టేసి నిద్రపోయాను.

శెనక్కాయలు మాడిపోయాయి. ఆ రోజు పొడి చేదుగానే తిన్నాం. కానీ ఆ మాట మాత్రం ఇంకా నా గొంతులోనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మన రాష్ట్రంలో 2020-21 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ పిల్లలకు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు ఊళ్ళల్లో తిరిగి చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక ఇంకో రెండు నెలలు, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. ఆ సెమిస్టర్‌లో క్లాసులుండవు. ఎక్కడో ఒకచోట పని నేర్చుకుని, రిపోర్టు రాసి, మార్కులు తెచ్చుకోవాలి. మా అమ్మాయి బీకాం. మొదటి ఏడాది ప్రాజెక్టుకి పక్క పల్లెలో తాగునీళ్ళ గురించి ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసింది. ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి మన పశ్చిమ ప్రకాశంలో పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పాలా? పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికొచ్చేది కాబట్టి మాకు చీకూచింతా లేదు.

చిక్కంతా ఆరో సెమిస్టర్‌తోనే వచ్చింది. మన ఊళ్ళో అకౌంట్స్ పని నేర్పే ఆఫీసులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కో క్లాసులో అంతమంది పిల్లలుంటే వాళ్ళంతా ఎక్కడికి పోవాలి? అప్పుడే ఎవరో చెప్పారు. కొంత డబ్బు కడితే ఇంట్లో కూర్చున్నా ఇంటర్న్‌షిప్ చేసినట్టు సర్టిఫికెట్ వస్తుందట, చాలామంది అట్లాగే చేస్తున్నారట.

దాచుకోవడం ఎందుకు, ఆ మాట నాకు తియ్యగా వినపడింది. ఖర్చు తక్కువ, పిల్ల కళ్ళముందే ఉంటుంది, మార్కులూ పడతాయి. "తెచ్చుకుంటే పోలా?" అన్నాను. మా అమ్మాయి నా వైపు చూసి, "ఆరు నెలలు ఇంట్లో పడుకుని, పని నేర్చుకున్నానని సంతకం పెట్టమంటావా అమ్మా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మా అత్తమ్మ మాత్రం, "ఆడపిల్ల ఒక్కతే పట్నంలో ఉండొస్తే రేపు సంబంధానికి వచ్చినోళ్ళు ఏమంటారో ఆలోచన చేసినారా?" అని తన పాట తను పాడింది. మూడు రాత్రులు ఇంట్లో ఎవరం సరిగా మాట్లాడుకోలేదు. నాలుగో రోజు మా ఆయన తెలిసినవాళ్ళ ద్వారా హైదరాబాదులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో మాట్లాడి, "పోనీలే, పోయి రానీ" అన్నాడు. నేను తలూపాను కానీ మనసు ఊపలేదు.

ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే నా భయంలోనే ఒక తిరకాసు కనపడుతోంది.

ఇదే పిల్లను పదో తరగతి అయిన వెంటనే, పదిహేనేళ్ళకే, ఇంటర్ హాస్టల్లో వేశాం. మన జిల్లాలోనే కాదు, తెలుగునాట మధ్యతరగతి ఇళ్ళల్లో ఇది ఎంత మామూలో మీకు తెలుసు. ట్రంకుపెట్టె, బకెట్టు, పచ్చడి జాడీ పట్టుకుని పోయి, గేటు దగ్గర దించి, కళ్ళు తుడుచుకుని వచ్చేస్తాం. తెల్లవారకముందే స్టడీ అవరు, రాత్రి దాకా స్టడీ అవరు, ఆదివారం మాత్రమే ఫోను. రెండేళ్ళు పిల్ల ఆకాశం చూసిందో లేదో కూడా అడగలేదు. అప్పుడు నాకు నిద్ర పట్టింది. ఇరవై ఏళ్ళు వచ్చి, బుద్ధి తెలిసి, తన పని తను చేసుకుంటానంటే నిద్ర పట్టలేదు. ఎందుకంటారు?

అప్పుడు గేటుకు తాళం ఉంది. తాళంచెవి ఎవరో పెద్దవాళ్ళ చేతిలో ఉంది. ఇప్పుడు తాళంచెవి పిల్ల చేతిలోనే ఉంది. అంటే నేను భయపడింది ఊరిని చూసి కాదు, తను సొంతంగా నిర్ణయాలు తీసుకుంటుందే అని. దానికి "భద్రత" అని మంచి పేరు పెట్టుకున్నాను.

నా సంగతీ చెప్పాలి. నేను బీఏ తెలుగు. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయంలో ఎమ్మే చదువుకోమని మా మేడం చెప్పారు. అది 1985లో మన భాష కోసమే పెట్టిన విశ్వవిద్యాలయం. మా నాన్న "ఒక్కదాన్ని అంతదూరం ఎట్లా పంపేది?" అన్నాడు. ఆ ఏడాదే పెళ్ళి చేశాడు. ఎవరికీ తెలియని ఇంటికి, ఎవరినీ ఎరగని ఊరికి, జీవితాంతానికి పంపేటప్పుడు మాత్రం "ఎట్లా పంపేది" అన్న మాట రాలేదు. మా నాన్న మీద నాకు కోపం లేదు, ఆయనకు తెలిసింది అంతే. కానీ పుట్టింటి నుంచి అత్తింటికి తప్ప ఇంకెక్కడికీ పోని ఆడది నలభై దాటాక కూడా ఒక్కతే బస్సు టికెట్టు కొనుక్కోవడానికి తడుముకుంటుంది. నేను తడుముకున్నాను.

అదీ చెబుతాను. నాలుగో నెలలో పిల్లను చూడాలనిపించింది. మా ఆయనకు సెలవు దొరకలేదు. జీవితంలో మొదటిసారి ఒక్కదాన్నే రాత్రి బస్సెక్కి హైదరాబాదు పోయాను. ఎల్బీ నగర్‌లో దిగేసరికి తెల్లవారుతోంది. పిల్ల వచ్చి నిలబడి ఉంది. మెట్రో స్టేషన్లో టికెట్టు ఎట్లా తీసుకోవాలో, గేటు దగ్గర ఎట్లా చూపించాలో నాకు నేర్పింది. ఒకప్పుడు దాని చెయ్యి పట్టుకుని నేను రోడ్డు దాటించాను, ఇప్పుడు అమీర్‌పేటలో రోడ్డు నన్ను అది దాటించింది. రెండు రోజులు దాని గదిలో చుట్టాన్నై ఉన్నాను.

ఆఫీసు సంగతులు చెప్పింది. జీఎస్టీ రిటర్నులంట. నెలలో 11వ తారీఖు ఒకటి, 20వ తారీఖు ఇంకొకటి. ఆ తారీఖులు దగ్గర పడితే ఆఫీసులో ఊపిరి తీసుకునే తీరిక ఉండదంట. దుకాణాలవాళ్ళు బిల్లులు సంచుల్లో పోసి తెచ్చి ఇస్తారంట, వాటిని వరసపెట్టి ఎక్కించాలంట. పుస్తకంలో మూడేళ్ళు చదివిన డెబిట్టు, క్రెడిట్టు ఒక కిరాణా దుకాణం సంచిలో చూశాకే అర్థమైందని చెప్పింది. మొదటి నెలలో ఒకరి బిల్లు ఇంకొకరి ఖాతాలో ఎక్కించి చీవాట్లు తిన్నదంట. ఆ ముచ్చట చెబుతూ నవ్వింది.

గదిలో కరీంనగర్ వైపు అమ్మాయి ఒకతె ఉంది. "ఆంటీ, ఆ జ్వరమప్పుడు..." అని ఏదో మొదలుపెట్టింది. మా అమ్మాయి గబుక్కున "అమ్మా, శెనక్కాయ పొడి ఇంకో డబ్బా తెచ్చావా?" అంది. నేను సంచి వెతకడంలో పడిపోయాను. ఇప్పుడు గుర్తొస్తోంది, ఆ పిల్ల నా వైపు అదోలా చూసింది. మా అమ్మాయిని ఆస్పత్రికి తీసుకుపోయింది, రక్తపరీక్ష చేయించింది, జావ కాచి ఇచ్చింది ఆ అమ్మాయే. ఎవరి కన్నబిడ్డో! నేను దానికి ఒక్క మాట కృతజ్ఞత కూడా చెప్పకుండా వచ్చేశాను, తెలియక.

అడ్వాన్సు సంగతీ అంతే. మొదటి హాస్టల్లో నీళ్ళు సరిగా రావడం లేదని ముగ్గురు పిల్లలు కలిసి ఇంకోచోటికి మారారు. ఓనరు అయిదు వేలు అడ్వాన్సు ఇయ్యనన్నాడు. రసీదు ఫొటో ఫోన్లో ఉంది కాబట్టి ముగ్గురూ పోయి, నిలబడి, అరవకుండా ఏడవకుండా మాట్లాడి, చివరికి వెయ్యి పోను మిగతాది రాబట్టుకున్నారు. ఆ రసీదు ఫొటో తీసి పెట్టుకోమని నేను చెప్పలేదు. నాకే తెలియదు కాబట్టి.

ఇదంతా విన్నాక ముందు నాకు గర్వం కలగలేదు, ఉక్రోషం వచ్చింది. "అమ్మనైనందుకు ఒక్క మాట చెప్పవా?" అని అడిగాను. అప్పుడన్నది ఆ మాట, చెబితే వచ్చెయ్యమంటావని.

నిజమే, అనేదాన్ని. ఆలోచించకుండా అనేదాన్ని. జ్వరం అంటే వచ్చెయ్. ఓనరు గొడవ అంటే వచ్చెయ్. బస్సులో ఎవడో వెకిలిగా చూశాడంటే అసలు ఆ నిమిషమే వచ్చెయ్. అది ప్రేమ అనుకుంటాం. పిల్లలకు అది ఇంకోలా వినపడుతుంది. నోరు విప్పితే చదువు ఆగిపోతుందని వినపడుతుంది. కష్టం చెప్పుకున్నందుకు శిక్ష ఇల్లే అయితే, ఏ పిల్ల చెబుతుంది? జ్వరమూ అడ్వాన్సూ చిన్నవి కాబట్టి సరిపోయింది. అంతకన్నా పెద్దది ఏదన్నా జరిగి ఉంటే? అప్పుడూ "తిన్నా" అనే చెప్పేదేమో. నన్ను నిజంగా భయపెట్టింది అదే. పిల్లకు నిజమైన రక్షణ మనతో చెప్పుకోగలగడం. ఆ దారిని మన భయంతో మనమే మూసేస్తున్నాం.

అందుకని ఆడపిల్లను ఒక సెమిస్టర్ వేరే ఊరికి పంపాలా అని ఎవరన్నా అడిగితే, పంపమనే చెబుతాను. ఇది కొత్త వింతేమీ కాదు. యూరప్‌లో 1987 నుంచి ఎరాస్మస్ అనే పథకం కింద ఒక దేశం పిల్లలు ఇంకో దేశంలో పోయి ఒకటి రెండు సెమిస్టర్లు చదివి, తమ కాలేజీకే తిరిగొచ్చి డిగ్రీ తీసుకుంటున్నారు. మన దేశంలోనూ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. ఒకచోట చేరి, ఇంకోచోట కొన్ని సబ్జెక్టులు చదివినా ఆ క్రెడిట్లు పిల్లల ఖాతాలో పడతాయి. డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు చదివి ఉంటే చాలన్నది నియమం. మన పిల్లల ఫోన్లలో ఆ ఖాతా నంబరు ఉంటుంది, అదెందుకో మనం అడగం. రేపు మన చిన్న ఊరి పిల్లలకు కూడా ఒక సెమిస్టర్ పెద్ద విశ్వవిద్యాలయంలో కూర్చునే దారి అదే అవుతుంది. ఆ దారి తెరుచుకున్న రోజున పిల్లను గడప దగ్గర ఆపేది కాలేజీ కాదు, మనమే.

అయితే కళ్ళు మూసుకుని పంపమని కాదు. అందరికీ ఇది తేలిక కాదని కూడా తెలుసు. మా అమ్మాయికి ఆఫీసులో నెలకు నాలుగు వేలు ఇచ్చారు. హాస్టలుకే ఏడు వేలు. ఛార్జీలు, మందులు, పైఖర్చులు కలిపి మా చేతి నుంచి దాదాపు ముప్పై వేలు పడింది. మాకు మిరప పంట డబ్బు చేతికొచ్చిన సమయం కాబట్టి సర్దుకున్నాం. కూలికి పోయే ఇంటి పిల్ల ఏం చేయాలి? సర్టిఫికెట్ కొనుక్కోవడమే ఆ పిల్లకు దారి అయితే తప్పు ఆ పిల్లది కాదు. సెమిస్టర్ అంతా బయట గడపమని నియమం పెట్టినప్పుడు, పెద్ద ఊళ్ళలోని ప్రభుత్వ హాస్టళ్ళలో ఆ ఆరు నెలలకు చోటు కూడా ఇవ్వాలి. నెలనెలా వసతి ఖర్చు కొంతైనా ఇవ్వాలి. కాలేజీలో ఒక టీచరమ్మ నెలకోసారన్నా ఫోన్ చేసి, రిపోర్టు సంగతే కాదు, "ఎట్లా ఉన్నావమ్మా?" అని అడగాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు.

ఈ సందర్భంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు గుర్తొస్తారు. ఆమె వాల్తేరు పోయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుతానంటే ఆడపిల్లలకు హాస్టల్ లేదని కట్టమంచి రామలింగారెడ్డి గారు వెనకాడారు. ఆమె వెనక్కి రాలేదు. పత్రికలో ప్రకటన వేయించి, తనలాగే చదువుకోవాలనుకునే అమ్మాయిలను పోగుచేసి, ఉండడానికి వసతి తామే ఏర్పాటు చేసుకుని, మళ్ళీ పోయి సీటు అడిగారు. స్వాతంత్ర్యం రాకముందు మాట ఇది. వసతి లేదన్నది చదువు మానడానికి కారణం కాకూడదని ఆమె అప్పుడే చేసి చూపించారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా మనం అదే కారణం చెబుతున్నాం.

పంపేముందు నేను ఇంకోసారైతే ఏం చేస్తానో చెబుతాను. పని నేర్పడానికి పిల్ల దగ్గరే డబ్బు అడిగే సంస్థ అయితే వద్దంటాను. ఆఫీసు ఎక్కడుందో, ఎంతమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారో ముందే ఒకసారి పోయి చూస్తాను. పనిచేసేచోట ఆడవాళ్ళను వేధించకుండా 2013లో వచ్చిన చట్టం ఇంటర్న్‌షిప్‌కు పోయిన పిల్లలకూ వర్తిస్తుందని నాకు ఇప్పుడే తెలిసింది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసేచోట ఫిర్యాదులు తీసుకునే కమిటీ ఉండాలి, చిన్న ఆఫీసు అయితే జిల్లా స్థాయి కమిటీకి చెప్పుకోవచ్చు. ఈ సంగతి పిల్లకు చెప్పి పంపుతాను. 112, 181 నంబర్లు ఫోన్లో వేయిస్తాను. హైదరాబాదులో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. మన దగ్గర 2025లో మహిళా దినోత్సవం రోజున ముఖ్యమంత్రి శక్తి యాప్ ప్రారంభించింది పక్కనే ఉన్న మార్కాపురంలోనే. ఎన్ని యాప్‌లు ఉన్నా పిల్ల ముందు నొక్కేది అమ్మ నంబరే కావాలి. నొక్కినప్పుడు అమ్మ నోట్లోంచి ఏ మాట వస్తుందన్నదే అసలు సంగతి.

పిల్ల మారిపోయిందా అని అడుగుతారు. మారింది. అన్నం తిన్న కంచం తనే కడుక్కుంటోంది, తమ్ముడిని కూడా కడుక్కోమంటోంది. మా అత్తమ్మకు అది నచ్చలేదు. గ్యాసు బండ ఖర్చు, కరెంటు బిల్లు ఒక పుస్తకంలో రాస్తోంది. నీళ్ళ ట్యాంకరుకు నెలకు ఎంత పోతోందో కూడి చూపిస్తే మా ఆయన నోరు తెరిచాడు. కొన్నిసార్లు నాతో వాదిస్తుంది, అది నాకూ అంత నచ్చదు. మంచీ చెడూ కలిపే వస్తాయి, ఏరుకుని తెచ్చుకోలేం.

మేం ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. తను ఏదీ దాచకూడదు. నేను "వచ్చెయ్" అని ముందుగా అనకూడదు. ముందు "ఏం చేద్దామనుకుంటున్నావ్?" అని అడగాలి. రావాలని తనకే అనిపిస్తే రాత్రి పన్నెండైనా తలుపు తీసే ఉంటుంది, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు.

మొన్న ఏదో ఉద్యోగం పరీక్షకని నంద్యాల పోయింది. రాత్రి ఎనిమిదింటికి ఫోను. "అమ్మా, బస్సు పోయింది." నా నాలుక చివర దాకా వచ్చింది, అక్కడే ఉండు, నాన్నను పంపిస్తానని. మింగేశాను. "ఏం చేద్దామనుకుంటున్నావ్?" అన్నాను. "రైలుందమ్మా, చూశాను. స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూంలో కూర్చున్నా, ఇంకో ఇద్దరు గిద్దలూరు వాళ్ళున్నారు. నాన్నను మన స్టేషన్‌కి రమ్మను చాలు" అంది.

మా ఆయన బండి తీసుకుని స్టేషనుకు పోయాడు. నేను వాకిట్లో కూర్చున్నాను. భయం వేయలేదని అబద్ధం చెప్పను. కానీ నా పిల్ల ఎక్కడుందో, ఎవరితో ఉందో, ఏం చేస్తోందో నాకు నిజంగా తెలుసు. రైలు కూత వినపడ్డాక లేచి లోపలికి పోయి అన్నం వేడి చేశాను.